మాట పోయిన నాన్న కోసం తీసుకున్న బొమ్మల యాప్, బాగా వాడాక రాస్తున్న రివ్యూ

ముందే రేటింగ్ చెప్పేస్తా, 5కి 3.5. ఇచ్చిన మూడున్నర ఎందుకో, కోసిన ఒకటిన్నర ఎందుకో కింద రాశా, కొంచెం పొడుగే అయింది, ఇంట్లో ఎవరికైనా మాట ఇబ్బంది ఉండి ఇలాంటిది వెతుకుతున్నవాళ్ళు ఓపిగ్గా చదవండి, మిగతావాళ్ళకి బోర్ కొట్టొచ్చు.

ఇది ట్యాబ్‌లో వేసుకునే యాప్. స్క్రీన్ నిండా గళ్ళు, ఒక్కో గడిలో ఒక బొమ్మ, బొమ్మ కింద మాట. నొక్కితే ఆ మాట పైకి చదువుతుంది, వరసగా నాలుగు నొక్కితే పైన పట్టీలో చేరతాయి, ఆ పట్టీని నొక్కితే మొత్తం కలిపి చదువుతుంది. నోటి మాటకి బదులుగానో సాయంగానో వాడే ఇలాంటి పద్ధతులన్నిటినీ కలిపి స్పీచ్ థెరపీ వాళ్ళు ఏఏసీ అంటారు, అందులో కాగితం మీద అంటించిన బొమ్మల అట్ట దగ్గర్నుంచి కంటిచూపుతో నడిచే కంప్యూటర్ దాకా అన్నీ వస్తాయి. యాప్ పేరు కావాలనే రాయట్లేదు. ఈ రకం యాప్‌లన్నీ లోపల ఇంచుమించు ఒకేలా ఉంటాయి, పైగా ఒక్క అప్‌డేట్ వస్తే నేను పొగిడింది పోయి తిట్టింది మిగలొచ్చు. కాబట్టి ఏం చూసుకుని తీసుకోవాలో అది చదవండి చాలు.

నాన్నకి స్ట్రోక్ వచ్చింది, ఎడమ వైపు మెదడుకి. కుడి చెయ్యి బాగా వీక్ అయింది, మాట పోయింది. దీన్ని ఎఫేసియా అంటారని అప్పుడే తెలిసింది మాకు. స్ట్రోక్ వచ్చినవాళ్ళలో దాదాపు మూడో వంతు మందికి ఇది వస్తుందట, అంత మందికి వచ్చేదాని పేరు ఎవరూ వినకపోవడమే వింత. తెలివి ఎక్కడికీ పోదు. లెక్కలు తెలుసు, మనుషులు తెలుసు, ఎవరు ఎంత బాకీ ఉన్నారో కూడా తెలుసు, కానీ చెప్పాల్సిన మాట దొరకదు. ఒకటి చెప్పబోతే ఇంకోటి వస్తుంది. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టర్ చూసిన పేషెంట్ లబోర్న్ ఏం అడిగినా "టాన్, టాన్" అనే అనేవాడట, కోపం వస్తే మాత్రం ఒక తిట్టు శుభ్రంగా వచ్చేదట. ఆయన పోయాక మెదడు తీసి చూస్తే ఎడమ వైపు ముందు భాగంలో దెబ్బ కనిపించింది. మా నాన్న కూడా అంతే, ఒకటి నుంచి పది దాకా గడగడా లెక్కపెడతారు, "ఏడు" ఒక్కటే చెప్పమంటే చెప్పలేరు. పాట ఎత్తితే కొన్ని లైన్లు వచ్చేస్తాయి. అలవాటుగా నోట్లోంచి వచ్చేసే మాట వేరు, వెతుక్కుని చెప్పే మాట వేరు అన్నమాట.

ఇక్కడే ఒక ముఖ్యమైన విషయం, యాప్ కొనేముందు ఇది తెలుసుకోకపోతే పెట్టిన డబ్బులన్నీ దండగే. మాట రాకపోవడం అంటే అందరికీ ఒకటే జబ్బు కాదు. నాలుక, పెదాలు, గొంతు కండరాలు వీక్ అయ్యి మాట ముద్దముద్దగా వచ్చేది ఒకటి, డిసార్థ్రియా అంటారు. వాళ్ళకి భాష మొత్తం లోపల భద్రంగా ఉంటుంది, చెయ్యి సాయం ఉంటే టైప్ చేస్తారు, కాబట్టి టైప్ చేస్తే చదివిపెట్టే మామూలు యాప్ చాలు, బొమ్మలిస్తే వాళ్ళకి అవమానం కూడా. స్టీఫెన్ హాకింగ్ ఈ కోవలోకే వస్తారు, 1985లో న్యుమోనియా వచ్చి గొంతుకి రంధ్రం చేశాక ఉన్న కాస్త మాట కూడా పోయింది, ఆ తర్వాత కంప్యూటర్‌లో మాటలు ఎంచుకుంటూ నిమిషానికి ఓ పదిహేను మాటల స్పీడుతో మాట్లాడేవారు, చివర్లో బుగ్గ కండరం కదిపి నడిపారు. ఇంకొకటి అప్రాక్సియా, కండరాల్లో బలం ఉంటుంది, ఏ కదలిక తర్వాత ఏ కదలిక అనే ప్లానింగ్ తప్పుతుంది. ఎఫేసియాలో దెబ్బ భాషకే కాబట్టి చదవడం, రాయడం కూడా ఎంతో కొంత పోతుంది. మాట రాకపోతే రాసి చూపించమని చేతికి పెన్ను ఇస్తారు చూడండి చుట్టాలు, అది ఇందుకే పని చెయ్యదు. మా ఇంటికొచ్చిన ప్రతి మనిషీ ఇచ్చారు ఆ పెన్ను. మూడూ కలిసి ఉండేవాళ్ళు కూడా ఉంటారు, అందుకే ముందు స్పీచ్ థెరపిస్టుకి చూపించి ఏది ఎంత ఉందో తేల్చుకుని ఆ తర్వాత యాప్ సంగతి చూడండి, స్టార్లు చూసి డౌన్‌లోడ్ చెయ్యొద్దు, నా స్టార్లు కూడా.

ఇప్పుడు బాగున్నవి.

అన్నిటికంటే బాగా పనికొచ్చింది ఫోటో పేజీ. గళ్ళలో చిన్న చిన్న బొమ్మలు కాకుండా మన ఇంటి ఫోటో ఒకటి పెద్దగా పెట్టి, దాంట్లో ఒక్కో చోట నొక్కితే ఒక్కో మాట పలికేలా పెట్టుకోవచ్చు. హాల్ ఫోటో పెట్టాం, ఫ్యాన్ మీద నొక్కితే ఫ్యాన్, కిటికీ మీద నొక్కితే కిటికీ, కుర్చీలో కూర్చున్న అమ్మ మీద నొక్కితే అమ్మ పేరు. ఎఫేసియా ఉన్నవాళ్ళకి విడివిడి బొమ్మలకంటే ఇలాంటి సీను ఈజీ అని థెరపిస్టు చెప్పారు, ఎందుకంటే బొమ్మల గుర్తులు కొత్తగా నేర్చుకోవాలి, మన ఇల్లు నేర్చుకోనక్కర్లేదు కదా. గీసిన బొమ్మల్లో "సహాయం" అంటే రెండు చేతులు, "ఇంకా" అంటే ఇంకో రెండు చేతులు, నాకే తేడా తెలీలేదు.

ఒకరోజు నాన్న ఆ హాల్ ఫోటోలో తలుపు నొక్కారు. అక్క వెళ్ళి తలుపు వేసింది. కాదన్నట్టు చెయ్యి ఊపి మళ్ళీ తలుపు నొక్కారు. తీసింది. మళ్ళీ తలుపే. ఎవరైనా వస్తారా అని అడిగితే "అవును" అన్నారు, కానీ ఆయన నోటి "అవును"ని నమ్మలేం, ఎఫేసియాలో అవును అనబోయి కాదు, కాదనబోయి అవును అనేస్తారు, అందుకే టిక్కు, ఇంటూ గుర్తులున్న అట్టముక్క ఎప్పుడూ పక్కనే ఉంటుంది. అది చూపిస్తే ఇంటూ మీద వేలు పెట్టారు. తర్వాత మనుషుల పేజీకి వెళ్ళి మా తమ్ముడి ఫోటో నొక్కి, మళ్ళీ వెనక్కొచ్చి తలుపు, ఆపైన "ఎప్పుడు". విషయం ఏంటంటే తలుపు గడియ ఊడిపోయి చాలా రోజులైంది, బాగు చేయిస్తా అని తమ్ముడు మాటిచ్చి మర్చిపోయాడు, అది నిలదీస్తున్నారు నాన్న! మంచంలో ఉన్నా ఇంటి అజమాయిషీ ఆగలేదు. తమ్ముడు అప్పటికప్పుడు స్క్రూడ్రైవర్ తీశాడు. ఆ ఒక్కదానికే యాప్‌కి రెండు స్టార్లు ఇచ్చేశా.

రెండోది, గడి సైజు, గళ్ళ సంఖ్య మన ఇష్టం. వచ్చినప్పుడు స్క్రీన్ మీద అరవై గళ్ళు ఉన్నాయి, చూడగానే నాకే తల తిరిగింది, మేం పన్నెండుకి తగ్గించాం, అలవాటయ్యేకొద్దీ పెంచాం. ఎంతసేపు నొక్కిపెడితే తీసుకోవాలో కూడా సెట్ చేసుకోవచ్చు, ఎడమ చేతి అలవాటు లేనివాళ్ళకీ చెయ్యి వణికేవాళ్ళకీ ఇది తప్పనిసరి, లేకపోతే పొరపాటున తగిలినవన్నీ అరుస్తూ ఉంటుంది. నెట్ లేకపోయినా పని చేస్తుంది, ఇది మాత్రం కచ్చితంగా చూసుకోండి, హాస్పిటల్ లిఫ్టులో సిగ్నల్ పోతే మనిషికి మాట పోకూడదు కదా.

ఇక కోసిన మార్కులు.

మొదటిది, మాట్లాడించే బటన్, చెరిపేసే బటన్, ఇంటి గుర్తు, అన్నీ స్క్రీన్‌కి కుడి అంచున పెట్టారు. ఎడమ మెదడు స్ట్రోక్‌లో కొంతమందికి కుడి వైపు చూపు కూడా తగ్గుతుంది, కళ్ళు బాగానే ఉంటాయి, మెదడుకే ఆ పక్కది అందదు. నాన్న చక్కగా మాటలు ఎంచుకుని, ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలీక ట్యాబ్ వంక చూస్తూ కూర్చునేవారు. ఆయనకి అర్థం కాలేదేమో అనుకుని అందరం మళ్ళీ మళ్ళీ నేర్పించాం, తీరా థెరపిస్టు ట్యాబ్‌ని కొంచెం ఎడమ వైపుకి జరిపి పెట్టగానే టక్కున నొక్కారు. ఎఫేసియా ఉన్నవాళ్ళ కోసం అని రాసుకున్న యాప్‌లో ముఖ్యమైన బటన్లు కుడి చివర ఎందుకు పెడతారు, ఎడమకి మార్చుకునే సెట్టింగ్ అయినా ఉండాలా వద్దా? లేదు.

రెండోది, ఒక అప్‌డేట్‌లో గళ్ళ వరస మార్చేశారు, అందంగా ఉంటుందని కాబోలు. ఈ యాప్‌లు వాడేవాళ్ళు కొన్నాళ్ళకి బొమ్మ చూసి కాదు, చోటు గుర్తుపెట్టుకుని నొక్కుతారు, టైపింగ్ వచ్చినవాళ్ళు కీబోర్డ్ చూడనట్టు. అలాంటిది "నీళ్ళు" రెండో వరసలోంచి నాలుగో వరసకి వెళ్తే మళ్ళీ మొదటికొచ్చినట్టే. ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేసుకోండి, ఇది మాత్రం మొట్టమొదట చెయ్యాల్సిన పని.

మూడోది, నాకు అన్నిటికంటే ఒళ్ళు మండేది. దీని వాక్యం తెలుగు వాక్యం కాదు. గళ్ళని ఎడమ నుంచి కుడికి మనుషులు, క్రియలు, వస్తువులు అని రంగులేసి పేర్చారు, మనుషులు పసుపు, క్రియలు ఆకుపచ్చ, వస్తువులు నారింజ. ఈ రంగుల పద్ధతి ఎప్పుడో 1920ల్లో ఫిట్జెరాల్డ్ అనే ఆవిడ చెవుడున్న పిల్లలకి ఇంగ్లీషు వాక్యం నేర్పడానికి పెట్టిన పద్ధతి నుంచి వచ్చింది. దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి పైన తెలుగు మాటలు అంటిస్తే ఏమవుతుంది, "నేను కావాలి నీళ్ళు" అని చదువుతుంది. "నేను" కాదయ్యా "నాకు". తెలుగులో ఆ చివర్లలోనే ఉంది అంతా, నాకు, నాతో, నన్ను, నా దగ్గర. క్రియ కూడా వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్ళారు, వెళ్ళొద్దు, ఇవన్నీ పోయి "వెళ్ళు" అని ఒక్కటే గడి. నాన్న "అక్క" "వెళ్ళు" అని నొక్కితే, అక్క వెళ్ళిపోయిందా అని అడుగుతున్నారా, అక్కని వెళ్ళమంటున్నారా? అక్కకి ఒకసారి కోపం కూడా వచ్చింది. మేం "వద్దు", "కావాలి", "అయిపోయింది" లాంటి గళ్ళని కుడి వైపుకి మార్చుకుని, "నేను" తీసేసి "నాకు" పెట్టుకుని, ప్రశ్నకి విడిగా ఒక పెద్ద గుర్తు చేర్చుకున్నాం. ఇదంతా కంపెనీ చెయ్యాల్సిన పని, ఒక తెలుగు మనిషిని పక్కన కూర్చోబెట్టుకుంటే ఒక్క పూటలో తేలిపోయేది.

గొంతు గురించి. యాప్‌లో వచ్చే తెలుగు గొంతు స్పష్టంగా ఉంది కానీ రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్ టైపు. ఎవర్నైనా పిలవాలంటే "దయచేసి ఇక్కడికి రండి" అంటుంది. మా నాన్న జన్మలో అమ్మని అలా పిలవలేదు, "ఇదిగో" అంటారు, అంతే. అదృష్టం ఏంటంటే ఏ గడికైనా మనం రికార్డ్ చేసిన గొంతు పెట్టుకోవచ్చు, బాబాయ్ గొంతు నాన్న గొంతులాగే ఉంటుంది, ఆయనతో "ఇదిగో" చెప్పించి పెట్టాం. వంటింట్లోంచి అమ్మ "ఆఁ వస్తున్నా" అంటూ రావడం చూశాక మిగతా ముఖ్యమైనవి కూడా బాబాయ్‌తోనే చెప్పించాం. మాట మెల్లమెల్లగా పోయే జబ్బు ఉన్నవాళ్ళు, ఏఎల్ఎస్ లాంటివి, గొంతు ఉండగానే దాచుకుంటే మంచిది, వాయిస్ బ్యాంకింగ్ అంటారు. యాపిల్ వాళ్ళు 2023లో ఐఓఎస్ 17తో ఇది ఫోన్‌లోకే తెచ్చారు, అప్పట్లో నూటయాభై వాక్యాలు చదివితే మన గొంతులాంటిది తయారయ్యేది, కానీ మొదలుపెట్టింది ఇంగ్లీషుతో, తెలుగు కోసం ఆగకుండా మీరే ఫోన్‌లో మామూలుగా రికార్డ్ చేసి పెట్టుకోండి, పిలుపులు, దెప్పిపొడుపులు, నవ్వు, అన్నీ.

దెప్పిపొడుపులు అంటే గుర్తొచ్చింది. ఇందులో ముందే పెట్టిన మాటలన్నీ అవసరాల మాటలే, నీళ్ళు, బాత్రూమ్, నొప్పి, మందు. మనిషి రోజంతా మాట్లాడేది ఇవా? "చాల్లే", "నీ మొహం", "నేను చెప్పలా?", "ఊరికే వాగకు", "ఆ తర్వాత?", వీటిలో ఒక్కటీ లేదు. మేం ఒక పేజీ నిండా చేర్చాం, నాన్న ఎక్కువ నొక్కేది "నేను చెప్పలా?". బూతు గడి కూడా ఒకటి ఉంది, అమ్మకి ఇష్టం లేదు, థెరపిస్టు మాత్రం ఉంచమన్నారు, పెద్దమనిషికి తిట్టుకునే హక్కు కూడా లేదా అని.

ఇంటికొచ్చే వాళ్ళందరూ అడిగేది ఇంకోటి ఉంది, బొమ్మలు నొక్కడం అలవాటైతే ఇంక నోరు తెరవడేమో అని. చిన్నపిల్లల తల్లిదండ్రులకి ఈ భయం మరీ ఎక్కువ, మా ఫ్రెండ్ వాళ్ళ బాబుకి ఆటిజం, వాళ్ళకీ ఇదే చెప్పి ఆపించబోయారు చుట్టాలు. 2006లో మిల్లర్, లైట్, ష్లోసర్ అనే ముగ్గురు రిసెర్చర్లు ఎదుగుదల సమస్యలున్నవాళ్ళ మీద అప్పటిదాకా వచ్చిన స్టడీలు జల్లెడ పట్టి నమ్మదగ్గ 27 కేసులు తీసుకుని చూస్తే మాట తగ్గినవాళ్ళు ఒక్కరూ లేరు, 89 శాతం మందికి మాట ఎంతో కొంత పెరిగింది, పెరుగుదల మాత్రం చాలామందిలో కొద్దిగానే. పెద్దవాళ్ళలో స్ట్రోక్ సంగతి వేరే కాబట్టి ఆ అంకెలు నాన్నకి అంటగట్టను. కానీ ఇంట్లో నేను చూసింది, గడి నొక్కాక ట్యాబ్ పలికిన మాటని ఆయన దాని వెనకే అంటారు, సగం అయినా. అసలు థెరపీ మానేసి యాప్ ఒక్కటే చాలనుకోకండి, రాగం తీస్తూ, ఎడమ చేత్తో తాళం వేస్తూ చిన్న చిన్న మాటలు పలికించే పద్ధతి ఒకటి ఉంది, 1973 నుంచీ వాడుతున్నారు, మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీ అంటారు, నాన్నకి అది కూడా నడుస్తోంది.

ఇంకో మాట, ఇది యాప్‌ది కాదు, మనది. ట్యాబ్ ఆయన ఒళ్ళో పెట్టి మనం గడగడా మాట్లాడేస్తూ ఉంటే ఏ యాపూ పని చెయ్యదు. మనం కూడా మాట్లాడుతూ గళ్ళు నొక్కి చూపించాలి, మోడలింగ్ అంటారు. టీవీ ఆపాలి. ఒక ప్రశ్న అడిగి నోరు మూసుకుని ఆగాలి, మా ఇంట్లో అన్నిటికంటే కష్టమైనది ఇదే. టొరంటోలో ఎఫేసియా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు, అక్కడి ఔరా కేగన్ అనే ఆవిడ తయారుచేసిన పద్ధతిలో, కుటుంబాలకీ నర్సులకీ ఇదే నేర్పుతారు, ముందు "మీకు తెలుసని నాకు తెలుసు" అని పైకి చెప్పమంటారు, ఆ తర్వాత కాగితం మీద పెద్ద అక్షరాలతో ఒకటి రెండు మాటలు రాస్తూ, బొమ్మ గీస్తూ, చివర్లో అర్థమైంది కరెక్టా కాదా అని సరిచూసుకోమంటారు. డబ్బు ఖర్చు లేనిది, యాప్ కొన్నా కొనకపోయినా చెయ్యాల్సింది.

కాగితం పుస్తకం కూడా తయారు చేసుకోండి, యాప్‌లో ఉన్న పేజీలనే ప్రింట్ తీసి లామినేట్ చేస్తే సరిపోతుంది, స్నానం దగ్గరికీ ఎండలోకీ ట్యాబ్ పనికిరాదు, చార్జింగ్ అయిపోయిన రోజు అసలే పనికిరాదు. గీసిన బొమ్మలు కావాలంటే స్పెయిన్‌లో అరగాన్ ప్రభుత్వం నడిపే అరసాక్ అనే సైట్‌లో వేలకొద్దీ ఉచితంగా ఉన్నాయి, వ్యాపారానికి కాకుండా వాడుకోవచ్చు, వాళ్ళ పేరు వెయ్యాలి.

కస్టమర్ సపోర్ట్ పర్లేదు, మెయిల్‌కి జవాబు ఇస్తారు, కానీ కుడి బటన్ల గురించి రాస్తే "మీ సూచనకి ధన్యవాదాలు" దగ్గరే ఆగిపోయింది. కొనేముందు ట్రయల్ తీసుకుని, వాడాల్సిన మనిషి చేతికే ఇచ్చి చూడండి, షోరూమ్‌లో మనం నొక్కి చూస్తే ఏం తెలీదు. మనం చేర్చుకున్న పేజీలన్నీ ఒక ఫైల్‌గా బయటికి తీసుకునే ఆప్షన్ ఉందో లేదో అడగండి, ఇందులో ఉంది కానీ సెట్టింగ్స్‌లో ఎక్కడో అడుగున దాచారు, దాన్ని వారానికోసారి మెయిల్‌కి పంపుకుంటున్నా, ట్యాబ్ కింద పడితే బాబాయ్‌ని మళ్ళీ కూర్చోబెట్టి అన్నీ చెప్పించడం నా వల్ల కాదు. తెలుగు వాక్యం సరిచేసి బటన్లు ఎడమకి మార్చుకోనిస్తే వచ్చి రేటింగ్ 4.5 చేస్తా.